పందెపు గుర్రాలు పందేనికి పోతున్నాయా?

లక్షలు పోసి కొన్న ‘మజిల్ కారు’ రేస్ ట్రాక్ మొహం చూస్తోందా? బెంగళూరు గ్యారేజీలకీ మద్రాసు రేస్ ట్రాక్‌కీ నడుమ ఉన్న బంగారుపాళ్యంలో నిలబడి అడిగితే వచ్చే జవాబులు వేరు.

జూన్ నెల, శనివారం. ఇంకా ఆరు కాలేదు. బంగారుపాళ్యం మార్కెట్ యార్డు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి రోడ్డు అంచు దాకా నిలబడి ఉన్నాయి. రాత్రంతా వరసలో కాచుకున్న డ్రైవర్లు తువ్వాళ్లు తలకు చుట్టుకుని టీ అంగడి ముందు చేరారు. పలమనేరు వైపు నుంచి ముందు చప్పుడు వచ్చింది. లారీది కాదు, బస్సుది కాదు. బరువుగా, గుడగుడమంటూ, టీ అంగడి రేకులు అదిరేలా వచ్చింది. ఆ వెనకే పసుపుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి, దాని వెనక నీలం రంగు బీఎండబ్ల్యూ, ఇంకో రెండు. అన్నిటికీ కర్ణాటక నంబర్లే. నేలకు జానెడు ఎత్తు కూడా లేని ఆ కార్లు స్పీడ్ బ్రేకర్ మీదికి ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నే ఎక్కించుకుంటూ దాటి, అంగడి దగ్గర ఆగాయి.

ట్రాక్టర్ డ్రైవర్లలో పెద్దాయన ఒకరు కారు చుట్టూ ప్రదక్షిణ చేశాడు. ముందున్న గుర్రం బొమ్మను వేలితో తట్టి చూశాడు.

“ఎంత పడింది సామీ?”

“అన్నీ కలిపి తొంభై లక్షల దాకా అయిందన్నా.”

“మైలేజీ ఎంతిస్తాది?”

“ఊళ్లో అయిదు. ఇట్లా హైవే మీదైతే ఎనిమిది.”

“మా ట్రాక్టరే మేలు. యాడికి పోతా ఉండారు?”

“ఊరికే. చిత్తూరులో టిఫిన్ చేసి వెనక్కి.”

ఇంతలో అదే దారిన చిన్న ట్రక్కు ఒకటి వచ్చి ఆగింది. దాని మీద తాళ్లతో కట్టిన పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో. తలుపుల మీద పెద్ద అంకెలు, లోపల ఒకే సీటు, సీటు చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. ముందు బంపరు రంగు ఒకటి, వెనక బంపరు రంగు ఒకటి. క్యాబిన్లోంచి పాతికేళ్ల కుర్రాడు దిగాడు.

“ఇదేందప్పా, చెడిపోయిందా? మోసకపోతా ఉండారు?”

“లేదు నా, రేపు ట్రాక్‌లో ప్రాక్టీసు. రేసు కారిది.”

పెద్దాయన పోలోను చూశాడు, మస్టాంగ్‌ను చూశాడు. “మరి ఇదో?” అని గుర్రం వైపు చెయ్యి చూపించాడు.

“అది రేసుకు రాదు నా,” అన్నాడు కుర్రాడు. మస్టాంగ్ ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో తెలియదు. టీ ఊదుకుంటున్నాడు.

రోడ్డు అక్కడికే పోతోంది

ఈ సంగతి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం ఉంది. బెంగళూరు - చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లాలో బైరెడ్డిపల్లె, బంగారుపాళ్యం, గుడిపాల మీదుగా పోతోంది. మొత్తం 262 కిలోమీటర్లు. 2022 మే 26న ప్రధాని చెన్నైలో శంకుస్థాపన చేశారు. కర్ణాటక భాగం మీద 2024 చివరి నుంచే బండ్లు తిరుగుతున్నాయి. మన రాష్ట్రంలో పడేది సుమారు 85 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. హొసకోటె దగ్గర మొదలై శ్రీపెరుంబుదూరు దగ్గర ముగుస్తుంది.

శ్రీపెరుంబుదూరు పక్కనే ఇరుంగాట్టుకోట్టై. దక్షిణాదిలో మోటారు పందేలకు పుట్టిల్లనదగ్గ మద్రాసు రేస్ ట్రాక్ ఉన్నది అక్కడే. అంటే బెంగళూరులో ఖరీదైన కార్లున్న గ్యారేజీలను, వాటి సత్తా తేలే ట్రాక్‌ను కలుపుతూ మన మామిడితోపుల్లోంచి తిన్నటి రోడ్డు పడుతోంది. మన వైపు రోడ్డు పడకముందే మా ఊళ్లలో కుర్రాళ్లు ఫోన్లలో పెట్టుకుని చూసే వీడియోలు ఏవనుకున్నారు? కర్ణాటక భాగం మీద ఎవరు ఎంత వేగం తీశారన్నవే. ట్రాక్‌లో తీసినవి కావు.

ఇన్ని గుర్రాల బలమున్న కారు కొన్నవాడు దాన్ని పందెపు దారిలో నడుపుతాడా అని అడిగితే, నా జవాబు సూటిగానే ఉంటుంది. చాలామంది నడపరు. దానికి పిరికితనం కారణం కాదు. డబ్బు లేకా కాదు.

ట్రాఫిక్ లైటు దగ్గర పుట్టింది

మజిల్ కారు పుట్టుకే ట్రాక్ మీద కాదు. 1964లో పోంటియాక్ సంస్థ మామూలు కుటుంబ కారులో పెద్ద వీ8 ఇంజిన్ దించి జీటీఓ పేరుతో అమ్మింది. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ బయటికొచ్చింది. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు పడ్డాయి. కొన్నవాళ్లలో కుర్రకారే ఎక్కువ. వాళ్లకు కావలసింది మలుపు తిరిగే నేర్పు కాదు, ఎర్రలైటు పచ్చబడగానే పక్క కారును వెనక్కి నెట్టడం. డెట్రాయిట్‌లోని వుడ్‌వర్డ్ అవెన్యూ ఆ పందేలకు పేరుమోసింది.

రోడ్ల మీద జనం చచ్చిపోతున్నారని, ఆ పందేన్ని రోడ్డు మీంచి లాగి విమానాల పాత రన్‌వేల మీదికి తీసుకుపోవాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లోనే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టాడు. డ్రాగ్ రేస్ అంటే అదే. పావు మైలు, మన లెక్కలో 402 మీటర్లు. తిన్నగా పోవాలి, అంతే.

మద్రాసులోనూ కథ అలాగే నడిచింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు, నగరానికి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే మీద పందేలు పెట్టింది. మూడు దశాబ్దాలకు పైగా షోలవరం అంటేనే రేసు. ఆ తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచారు. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు.

మన దేశానికి మస్టాంగ్ అధికారికంగా వచ్చింది 2016 జులైలో. షోరూం ధర 65 లక్షలు. అయిదు లీటర్ల వీ8 ఇంజిన్, నాలుగు వందల గుర్రాల బలం. కమారో, ఛాలెంజర్ లాంటి మజిల్ కార్లు ఇక్కడ షోరూముల్లో ఎన్నడూ లేవు. ఉన్న ఒకటీ అరా సొంతంగా తెప్పించుకున్నవే. 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేశాక ఉన్న మస్టాంగ్‌లకు గిరాకీ ఇంకా పెరిగింది. అలా పెరిగినకొద్దీ దాన్ని గీతపడకుండా దాచుకోవాలనే తపనా పెరిగింది.

■ కొన్ని లెక్కలు
● గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. 200 అయితే 55 మీటర్లకు పైనే.
● వేగం రెండింతలైతే, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు.
● గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు అక్కడ ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ గెలిచింది సెబాస్టియన్ వెటెలే.
● కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే 2003లో మొదలైంది.
● ఇందౌర్ దగ్గర పీతంపూర్‌లోని నాట్రాక్స్ పరీక్షా ట్రాక్ చుట్టుకొలత 11.3 కిలోమీటర్లు. 2021లో తెరిచారు.

మూడో ల్యాపులో ఏమవుతుందంటే

ట్రాక్‌కు మొదటిసారి పోయిన మస్టాంగ్ ఓనరుకు ఇంజిన్ గురించి ఏ బెంగా ఉండదు. గుమ్మం దాటగానే అది పులిలాగే ఉంటుంది. చిక్కంతా ఆగడంలో.

1,700 కిలోలకు పైబడిన కారు అది. తిన్నటి దారిలో 190 దాకా లాగి, మలుపు ముందు 80కి దించాలి. ఊళ్లో అయితే అలాంటి బ్రేకు ఏడాదిలో ఒకసారి కొడతాం, అది కూడా ఏ గేదో అడ్డం వస్తే. ట్రాక్‌లో ఒక్క చుట్టులోనే నాలుగైదుసార్లు కొట్టాలి. చుట్టుకు రెండు నిమిషాలు అటూ ఇటూ. అంటే బ్రేకు డిస్కు చల్లబడేలోపే మళ్లీ కాలుతుంది. మొదటి చుట్టు బాగుంటుంది. రెండో చుట్టులో మాడువాసన కారులోకి వస్తుంది. మూడో చుట్టులో పెడల్ మెత్తబడుతుంది. తొక్కిన కాలు ఎప్పుడూ ఆగే చోట ఆగదు, ఇంకో రెండంగుళాలు లోపలికి పోతుంది. మలుపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అలా ఎందుకవుతుందో ఏ మెకానిక్కైనా చెబుతాడు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకే దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ఆయిల్ నొక్కుకోదు, బుడగ నొక్కుకుంటుంది. రెండేళ్లుగా ఆయిల్ మార్చని తొంభై లక్షల కారు, ఆ మలుపు దగ్గర నిన్న ఆయిల్ మార్చిన పాత పోలో కంటే ప్రమాదం.

ఇక టైర్లు. ఉదయం గుండ్రంగా ఉన్న అంచులు మధ్యాహ్నానికి అరిగి రబ్బరు ఉండలు ఉండలుగా లేచిపోతుంది. అంత బరువు, అంత బలం మోసే వెనక టైర్లు ఒకట్రెండు రోజులకే అయిపోయినా వింత లేదు. అవి ఇక్కడ అంగట్లో దొరికే సైజులు కూడా కావు. సెలవు రోజు సరదాకు పోయిన మనిషి సోమవారం టైర్ల వాడికి ఫోన్ చేస్తాడు, లెక్క విని, మళ్లీ పోడు.

అదే తిన్నటి పరుగైతే ఈ తలనొప్పులేవీ లేవు. అందుకే లోనావలా దగ్గర ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే వ్యాలీ రన్ పందేలకు ఖరీదైన కార్లు బారులు తీరతాయి. పది, పదిహేను సెకన్లలో పని అయిపోతుంది, కారు చెక్కుచెదరకుండా ఇంటికొస్తుంది, ఫోన్లో పెట్టుకోవడానికి ఒక అంకె మిగులుతుంది.

బీమా కాగితం వెనక పేజీ

మీ కారు బీమా పాలసీ తీసి, ‘వాడకానికి పరిమితులు’ అన్న చోట చూడండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ - వీటిలో వాడితే పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ఆల్టోకైనా, మస్టాంగ్‌కైనా ఇదే వాక్యం. ట్రాక్‌లో గోడను తాకితే ఆ ఖర్చు మీదే. మస్టాంగ్ ముందు బంపరు, హెడ్‌లైటు సముద్రం దాటి రావాలి. ఎప్పుడొస్తాయో ఎవరూ మాటివ్వరు.

ఈ ఒక్క వాక్యమే చాలామందిని గేటు బయట ఆపేస్తుందని నా అనుమానం. చిత్తూరులో గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన దగ్గర ఇలాంటి కారు ఉంది. ఆయన మాట ఇది: “రాయి తవ్వే మిషన్ పాడైతే బ్యాంకోడు అడగతాడు, బీమావోడు ఇస్తాడు. ఇది పాడైతే ఇంట్లో ఆడోళ్లకు నేనేం చెప్పేది?”

అమెరికాలో కొన్నా అంతే

బలమైన కారు చౌకగా దొరికే దేశంలో, ట్రాకులు వందల్లో ఉన్నచోట మనవాళ్లు ఏం చేస్తున్నారు? డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉండే తెలుగు కుర్రాడికి మొదటి ఉద్యోగం, గ్రీన్‌కార్డు ఆశ, ఆ తర్వాత మస్టాంగో కమారోనో - ఈ వరస మనకు కొత్త కాదు. ఆస్టిన్‌లో 2012లో తెరిచిన సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ఉంది. 5.513 కిలోమీటర్లు, 20 మలుపులు. ఫార్ములా వన్ జరిగేచోటే మామూలు మనుషులూ తమ కార్లు తిప్పుకునేందుకు ట్రాక్ డేలు పెడతారు. పోయేవాళ్లు పోతారు. కానీ అక్కడ పాత కార్లమ్మే ప్రకటనలు చదివితే అసలు గుట్టు తెలుస్తుంది. మజిల్ కారు అమ్మేవాడు గొప్పగా రాసుకునే మాట ‘ఎన్నడూ ట్రాక్ మీద నడపలేదు’ అని! ట్రాక్ కోసం చేశామని కంపెనీ చెప్పి అమ్మిన కారుకు, ట్రాక్ ఎక్కకపోవడమే విలువ.

మన రంగంపేట పశువుల పండగకు ఎద్దును మేపినవాడు, కనుమ రోజు కొమ్ములకు పలకలు కట్టి వీధిలోకి వదలకుండా, ‘మా ఎద్దు ఎప్పుడూ వీధి తొక్కలేదు’ అని సంతలో చెప్పుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

కంపెనీలకూ ఇది బాగా తెలుసు. డాడ్జ్ సంస్థ 2015లో 707 గుర్రాల హెల్‌క్యాట్ అమ్మినప్పుడు రెండు తాళంచెవులిచ్చింది. ఎర్రదానితో పూర్తి బలం, నల్లదానితో 500 గుర్రాలకే కట్టడి. కొన్నవాళ్లకు అరిజోనాలోని బాండురాంట్ డ్రైవింగ్ స్కూల్లో ఒకరోజు శిక్షణ కూడా కలిపింది. 2018 మోడల్‌గా అదే కంపెనీ 840 గుర్రాల డీమన్ తెచ్చింది. పావు మైలు 9.65 సెకన్లలో పోతుందన్నది కంపెనీ మాట. అంత వేగంగా పోయేదాన్ని రోల్ కేజ్ (ఇనుప పంజరం) లేకుండా మా పందేల్లోకి రానివ్వమని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ చెప్పింది. ఆ నిషేధాన్నే డాడ్జ్ ప్రకటనల్లో వాడుకుంది!

నిజంగా ట్రాక్‌కు పోయినవాళ్లకు ఏమైందో కూడా చెప్పాలి. ఫోర్డ్ 2016 మోడల్ షెల్బీ జీటీ350 కొన్న కొందరు 2017లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టుకెక్కారు. ట్రాక్ కోసమే అని నమ్మి కొన్న కారు, అక్కడ కాసేపు నడిపితే వేడెక్కి, తనంతట తానే బలం తగ్గించుకుని ఈడ్చుకుపోతోందన్నది వాళ్ల ఫిర్యాదు. గేరుబాక్సును, డిఫరెన్షియల్‌ను చల్లబరిచే కూలర్లు కొన్ని రకాల్లో పెట్టలేదు. కొన్నవాళ్లంతా ట్రాక్ ఎక్కరులే అని కంపెనీలో ఎవరో లెక్కేసుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. కొందరు ఎక్కారు.

పందెంలో ఉన్నది మారుతి

మరి మన ట్రాకుల మీద పరుగెత్తేవి ఏవి? మారుతి ఎస్టీమ్, హోండా సిటీ, పోలో, వెంటో, టొయోటా ఎటియోస్. ఊళ్లో పెళ్లికి అద్దెకు తెచ్చే కార్లే. సీట్లు పీకేసి, పంజరం బిగించి, బ్రేకులు మార్చి పందెంలోకి దించుతారు. పడితే డొక్కు బజారులో తలుపు దొరుకుతుంది. అది చిన్న సౌకర్యం కాదు.

ఈ దారి వేసినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ నడిపిన నాయుళ్ల కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే అక్కడి మిల్లుల కుటుంబాల్లో ఒకటి. ఆయనకు డబ్బుకు కొదవ లేదు. విదేశీ రేసు కారు తెప్పించుకుని ఒక్కడే గెలుచుకుంటూ పోవచ్చు. ఆయన దాంతో సరిపెట్టుకోలేదు. 1988లో మారుతి 800 ఇంజిన్ పెట్టి ఒక్క సీటు ఫార్ములా కారు తయారు చేయించాడు. 796 సీసీ, నలభైకి లోపు గుర్రాలు. మస్టాంగ్ బలంలో పదో వంతు కూడా లేదు. కానీ అందరికీ అదే ఇంజిన్, అదే టైరు. గెలుపు కారుది కాదు, నడిపేవాడిది.

ఆ ఫార్ములా మారుతిలోనే, ఇరుంగాట్టుకోట్టైలోనే, నారాయణ్ కార్తికేయన్ అనే కోయంబత్తూరు కుర్రాడు తన మొదటి రేసులో పోడియం ఎక్కాడు. తండ్రి కూడా ర్యాలీలు నడిపిన మనిషే. ఆ కుర్రాడు 2005లో జోర్డన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ అది చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయం ట్రాక్‌కు పెట్టింది ఆయన పేరే. దాన్ని ముందుండి కట్టించింది ఎల్‌జీబీ సంస్థ. కొత్తగా రేసులోకి వచ్చేవాళ్లు ఈనాటికీ అక్షరాలు దిద్దే ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్ల పేరు అక్కడిదే. వాటిలోనూ 1300 సీసీ మారుతి ఇంజినే.

కాబట్టి ఒక వింత లెక్క తేలుతుంది. ట్రాక్ మీద చౌక కార్లు, రోడ్డు మీద ఖరీదైన కార్లు. వేగం నేర్చుకోవాలన్నవాడు చిన్న కారు కొంటాడు. వేగంగా ఉన్నట్టు కనిపించాలన్నవాడు పెద్ద కారు కొంటాడు. రెండోవాడిని తప్పుపట్టడం లేదు. చప్పుడు, రంగు, చిన్నప్పుడు గోడకు అతికించుకున్న పోస్టరు - వాటికీ ఒక ఖరీదుంది, ఆయన కడుతున్నాడు. అంతవరకు పేచీ లేదు.

■ తెరమీది వాళ్లు, ట్రాక్ మీది వాళ్లు
సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ 2010లో ఫార్ములా 2 రేసుల్లో నడిపారు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు ముందు ప్రాక్టీసులో ఆయన కారు గోడకు కొట్టుకుని గింగిరాలు తిరిగింది. ఆయన నడిచి బయటికొచ్చారు. ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకుంది. నాగచైతన్య 2024లో ఇండియన్ రేసింగ్ ఫెస్టివల్‌లో ఆడే హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును కొన్నారు.

మనకు అంత ట్రాక్ లేదు

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇరుంగాట్టుకోట్టై అంతటి శాశ్వత రేస్ ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు రద్దయింది. ఆ తర్వాత జనం రేసు గురించి కంటే దాని చుట్టూ నడిచిన కేసుల గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. వీధి ట్రాక్ పీకేస్తే మళ్లీ వీధే. అక్కడ కుర్రాళ్లు నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మిగిలింది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. 2023లో దాని మీద వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. హైదరాబాద్‌లో బలమైన కారున్నవాడికి ‘ట్రాక్’ అంటే మనసులో మెదిలేది ఆ రోడ్డే. ఆ రోడ్డు పోగొట్టిన ప్రముఖుల బిడ్డల పేర్లు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. మళ్లీ రాయను.

మొగిలి ఘాట్ కింద

బంగారుపాళ్యం మండలంలోనే మొగిలి. మొగిలీశ్వరుడి గుడి, దాన్ని ఆనుకుని ఘాట్ రోడ్డు. పాత 4వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 69. పలమనేరు నుంచి దిగేటప్పుడు లోడు లారీల బ్రేకులు కాలిన వాసన ఈ ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. 2024 సెప్టెంబరు 13న అక్కడే లారీ, ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు చనిపోయారు. అది పందెం కార్ల పని కాదు. కానీ ఈ దారి చిన్న తప్పును కూడా సహించదని చెప్పడానికి అది చాలు. జూన్, జులైల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు కిలోమీటర్ల కొద్దీ మామిడి ట్రాక్టర్లు. వాటికి వెనక లైట్లు ఉంటే ఉన్నట్టు. కౌండిన్య అడవిలోంచి తోపుల్లోకి దిగే ఏనుగులు. బడికి రోడ్డు దాటే పిల్లలు.

శనివారం, ఆదివారం పొద్దున్నే ఈ రోడ్డు మీదికి వచ్చే గుంపుల్లో అందరూ ఆకతాయిలు కారు. ముళబాగిలులో దోసె తిని, ఘాట్‌లో ఫొటోలు దిగి పోయేవాళ్లే ఎక్కువ. కానీ నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరు గేరు తగ్గించి రేజ్ చేస్తారు. పక్కవాడు ఊరుకోడు. అక్కడ జెండా పట్టుకున్న మార్షల్ లేడు, అంబులెన్సు లేదు, ఎదురుగా ఏమొస్తుందో తెలియదు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. ట్రాక్‌కూ రోడ్డుకూ ఉన్న తేడాల్లో దీనికంటే పెద్దది నాకు కనపడలేదు.

“రాత్రిళ్లు వస్తారన్నా, పన్నెండు దాటినాక,” అన్నాడు హైవే పక్కన పంచర్ అంగడి నడిపే మనిషి. “సౌండుకు మా పాప లేచి ఏడస్తాది. పొద్దున లేస్తే రోడ్డు మీద నల్లగా చారలు.” ఒకసారి అలా వచ్చినవాళ్ల టైరు పగిలితే ఆయన్నే పిలిచారట. అంత పలచటి టైరుకు ఆయన దగ్గర మందు లేదు. బెంగళూరు నుంచి ట్రక్కు వచ్చేదాకా నలుగురూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. “మంచి పిలకాయలే,” అన్నాడు నవ్వుతూ.

రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. తొంభై లక్షల కారున్నవాడికి 5 వేలు ఒక ట్యాంకు పెట్రోలుకు దగ్గర. భయపెట్టేది జైలు మాటే, కానీ పందెమని రుజువు చేయడం కష్టం కాబట్టి స్పీడు చలానాతో పోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఆ మరణాల్లో అతివేగం ఖాతాలో పడ్డవే 71 శాతం. అందులో స్పోర్ట్స్ కార్ల వాటా చాలా చిన్నదే అయ్యుండాలి. అయినా అదుపులేని వేగం ఎవరికో చూపించాలనిపించే జబ్బు మాత్రం ఆటో నుంచి మస్టాంగ్ దాకా ఒకటే.

పోవాలనుకున్నవాడికి

ట్రాక్ డే అంటే రేసు కాదు. ట్రాక్‌ను గంటల లెక్కన తీసుకుని, కార్లను జట్లుగా విడగొట్టి, ఇరవై నిమిషాలకో జట్టును లోపలికి వదులుతారు. హెల్మెట్ తప్పనిసరి. పొద్దున్నే డ్రైవర్లను కూర్చోబెట్టి జెండాల రంగులు చెబుతారు. పసుపుపచ్చ అయితే ముందు ప్రమాదం, దాటొద్దు. ఎర్రది అయితే ఆపేసి లోపలికి రా. నీలం అయితే వెనక నీకంటే వేగమైనవాడున్నాడు, దారివ్వు. చివరి చుట్టు బ్రేకు తొక్కకుండా మెల్లగా తిప్పి చల్లార్చి తేవాలి. కొత్తవాళ్లు ఇదొక్కటే మరిచిపోతారు. కాలిన బ్రేకులతో వచ్చి హ్యాండ్ బ్రేక్ వేసి పార్క్ చేస్తారు.

సిద్ధం కావడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. కొత్త బ్రేక్ ఆయిల్, వేడి తట్టుకునే ప్యాడ్లు, సరైన గాలి, డిక్కీలో జాకీ సహా ఏమీ లేకుండా ఖాళీ చేయడం. అసలు మస్టాంగే తీసుకుపోవాలని కూడా లేదు. ఇంట్లో ఉన్న స్విఫ్ట్ తీసుకుపోయినా బ్రేకు ఎక్కడ కొట్టాలో, స్టీరింగ్ ఎప్పుడు విప్పాలో అదే నేర్పుతుంది, తక్కువ ఖర్చుతో.

పోలో కుర్రాడికి ఫోన్ చేసి చిత్తూరు గ్రానైట్ వ్యాపారిని కలిపాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. దూరం సంగతి రాలేదు. బీమా సంగతి ఒకసారి వచ్చింది. చివరికి వ్యాపారి అసలు మాట బయటపెట్టాడు.

“అది కాదు తమ్ముడూ, నేను అంత కారేసుకుని వస్తే, ఆడ నువ్వు ఈ పోలోలో నన్ను దాటేస్తే?”

“దాటేస్తాన్నా. మొదటి రోజు అందరూ మిమ్మల్ని దాటేస్తారు. నన్నయితే నానో కూడా దాటింది.”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత బ్రేక్ ప్యాడ్లు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.